అట్ట పట్టుకున్న చేయి

హావ్‌లాక్ దీవి, అండమాన్
నవంబర్ 9

చెల్లెలు ఖదీజాకు నాసిర్ సలాం.

ఈ కాలంలో ఉత్తరమేంది, వీడికేమన్నా పిచ్చి పట్టిందా అనుకుంటున్నావు కదా. అనుకో. నీకూ అమ్మకూ కలిపి ఒకటే ఫోను. అది మోగితే చాలు, గల్ఫు ఇండ్ల అలవాటు మనకూ అంటుకుంది, స్పీకరు పెట్టి నడింట్లో పెడతారు. నేను సముద్రం గురించి చెబుతుంటే పక్కింటి వనజమ్మ "నాయినా, ఆడ చేపలు చవకనా?" అని మధ్యలో దూరుతుంది. ఇంక అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకునేదేముంది? అందుకే నువ్వు పనిచేసే స్టూడియో అడ్రసుకు రాస్తున్నా. ఓనరు మహీధర్ అన్న ఒకరి ఉత్తరం విప్పే రకం కాదు.

నా పని ఏమంటే, రోజుకొక దీవి. పొద్దున్నే పడవ ఎక్కుతా, కొత్త జంటలు దిగుతారు, వాళ్ళ వెంటబడి ఫోటోలు తీస్తా. మన గండికోటలో పెన్న లోయ అంచున జంటను నిలబెట్టి "ఇంకొంచెం వెనక్కి" అనాలంటే గుండె దడదడలాడేది. ఇక్కడ ఎంత వెనక్కి పోయినా మోకాటి లోతు నీళ్ళే. నీళ్ళ రంగు చెబితే నమ్మవు. ఆల్బంలో నువ్వు పెట్టే నీలం ఉంది చూడు, "ఇంత నీలం యాడన్నా ఉంటాదా" అని తిట్టుకుంటా పెడతావే, అదే. ఒకటే తిప్పలు. ఏసీ పడవలోంచి బయటికి రాగానే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. అది ఆరేలోపల సగం జంటలు అలిగి కూర్చుంటారు.

హెల్పరు లేడు. కెమెరా, స్టాండు, నేను, అంతే. కొన్ని ప్రింట్లు పెట్టాను, నా ఫోటో కూడా ఒకటి ఉంది. అమ్మకు చూపించు. అఫ్సానాకు చూపిస్తావో లేదో నీ ఇష్టం.

ఇంకొక మాట. అఫ్సానాతో నా నిఖా జనవరి ఆఖరులో అనుకున్నాం కదా. సీజను మధ్యలో పడుతుంది. కొంచెం నిమ్మళంగా చూద్దాం. సైదాబీ అత్తకు నువ్వే మెల్లగా చెప్పు.

నీ అన్న
నాసిర్

•

జమ్మలమడుగు
నవంబర్ 21

నాసిర్ అన్నకు సలాం.

ఫోటోలు అందాయి. అమ్మ నీ ఫోటో పట్టుకొని వీధంతా తిరిగింది. నేను మాత్రం స్టూడియోలో కంప్యూటర్‌లోకి ఎక్కించి పెద్దది చేసి చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

నా పనేందో నీకు తెలుసు. మిక్సింగ్. మైదుకూరు పెండ్లికొడుకును మంచుకొండల్లో నిలబెట్టేది నేనే. ఊరు దాటని పెండ్లికూతురిని ఓడ మీద ఎక్కించేది నేనే. "అక్కా, నన్ను కువైట్ టవర్ల ముందర పెట్టు, ఇంటికి పంపల్ల" అని వచ్చేవాళ్ళను కూడా చూశాను. అతుకు ఎక్కడుంటుందో నాకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు.

నీ ఫోటోలో సూర్యుడు నీ వెనక ఉన్నాడు. నీడ నీ ముందు ఇసుకలో పడింది. బాగుంది. మరి మొహం? మొహం నల్లగా ఉండాలి కదా! అది పెండ్లికొడుకు మొహం లెక్క మెరిసిపోతోంది. మొహం ఒకచోట తీసి, ఒళ్ళు ఇంకొకచోట అతికిస్తే ఇట్లా వస్తుంది. పని తెలియనివాడు చేసిన మిక్సింగ్.

నిజం చెప్పన్నా, నువ్వు అండమాన్‌లో ఉన్నావా? కవరు మీద ముద్ర అక్కడిదే, కాదనను. కానీ ఎవరి చేతనైనా పోస్టు వేయించవచ్చు.

మనసు ఊరికే చెడిపోలేదు. నిఖా "నిమ్మళంగా చూద్దాం" అన్నావు చూడు, అక్కడ చెడింది. ఈ సంబంధం కుదిర్చింది అమ్మ కాదు, నేను. అఫ్సానా, నేను ప్రొద్దుటూరులో డిగ్రీ మూడేండ్లు ఒకే బెంచీలో కూర్చున్నాం. "మీ అన్న ఎట్లాంటోడే?" అని అది అడిగితే, "ఏమన్నా అను, అబద్ధం మాత్రం చెప్పడు" అని మాటిచ్చాను. పులివెందులలో వాళ్ళమ్మ సైదాబీ అత్త అప్పుడే చీరలు తీసింది. కువైట్ నుంచి వాళ్ళ నాయిన అలీ అహ్మద్ మామ వచ్చి, పిల్ల తరపు పెద్దగా, వలీగా కూర్చొని కూతురి నిఖా జరిపిస్తే ఆమె ఇన్నేండ్ల ఎదురుచూపు తీరుతుంది. ఆయన "సెలవు అడిగినా, చూస్తాం" అంటున్నాడట. అక్కడ ఆయన చూస్తాం అనె, ఇక్కడ నువ్వు చూద్దాం అంటివి. ఆడోళ్ళు మాత్రం బట్టలు కుట్టించుకుంటూ కూర్చోవాలి!

ఖదీజా

•

నీల్ దీవి
డిసెంబర్ 2

ఖదీజాకు,

నీ నోట్లో మన్ను పడ. అన్న ఫోటోను అతుకులని అంటావా? నేను నీకు మౌస్ పట్టుకోవడం నేర్పినప్పుడు నీకు నీడ అంటే ఏందో కూడా తెలియదు.

థర్మాకోల్ అట్ట మరిచిపోయావా? గండికోటలో జంటలకు ఎదురుగా పట్టుకుంటాం చూడు, వెండి కాగితం అంటించిన అట్ట. వెనక ఎండ కొడుతున్నప్పుడు ఎదురుగా అది పట్టుకుంటే వెలుతురు మొహం మీదికి తిరుగుతుంది. అందుకే మెరిసింది. మిక్సింగూ లేదు, గిక్సింగూ లేదు. రోజంతా కంప్యూటర్ ముందర కూర్చొని నీకు దేవుడిచ్చిన వెలుతురు కూడా దొంగదిగా కనిపిస్తోంది.

నమ్మకం లేకపోతే ఇంకో నాలుగు ప్రింట్లు పెట్టాను, చూసుకో. ఇప్పుడు ఎక్కువగా నీల్‌లోనే ఉంటున్నా. చిన్న దీవి, సైకిలు మీద అటు నుంచి ఇటు వచ్చేయొచ్చు. నీళ్ళు వెనక్కి పోయినప్పుడు రాళ్ళ మధ్య మడుగుల్లో రంగురంగుల చేపలు చిక్కుకొని ఉంటాయి. అమ్మ చూస్తే సంబరపడుతుంది.

నిఖా రంజాన్ పండగ అయినాక పెట్టుకుందాం. కారణాలు అడగవద్దు. పని ఎక్కువ అని చెప్పు.

నాసిర్

•

జమ్మలమడుగు
డిసెంబర్ 12

అన్నా,

థర్మాకోల్ అన్నావు. సరే, ఒప్పుకుంటా. తప్పు నాదే. ఫోటో నిజమైనది.

మరి అట్ట ఎవరు పట్టుకున్నారు?

"కెమెరా, స్టాండు, నేను" అని నువ్వే రాశావు. స్టాండుకు చేతులుంటాయా? గండికోట గాలికి ఆ అట్ట పట్టుకోవాలంటే మనిషి రెండు చేతులా బిగించుకోవాలి. నేను పట్టుకున్నదాన్నే కదా, నాకు తెలియదా? సముద్రం గాలికి అది ఊరికే నిలబడుతుందా?

రెండో కవరులో వచ్చినవి ఒక్కొక్కటీ చూశాను. పడవ పక్కన నువ్వు నిలబడిన దానిలో, కుడి పక్క అంచున, అట్ట మూల కనపడుతోంది. దాన్ని పట్టుకున్న వేళ్ళు కనపడుతున్నాయి. వేళ్ళ పైన పూల పూల గుడ్డ. నెత్తి మీద నుంచి మొహం కప్పుకొని వేలాడుతున్న గుడ్డ. నువ్వు దాన్ని కత్తిరించాలని చూశావు, కొంచెం మిగిలిపోయింది.

ఎవరామె?

ఇప్పుడు నాకు అన్నీ అర్థమవుతున్నాయి. నిఖా వెనక్కి తోయడం, నీల్ దీవిలోనే ఉండిపోవడం, ఒక్కణ్ణే అని అబద్ధమాడడం. ఎవరినో చేసుకొని ఉంటే చెప్పు. తిట్టుకుంటాను, ఏడుస్తాను, కానీ అఫ్సానాను కాపాడుకుంటాను. పూల ముసుగు వేసుకున్న ఇంకొకరి పక్కన దాన్ని కూర్చోబెట్టలేను. మాటిచ్చింది నేను. నువ్వు కాదు.

ఫోను చేయొద్దు, ఎత్తను. ఫోనులో నవ్వి మాట మారుస్తావు. రాయి. రాసింది మార్చలేవు.

ఖదీజా

•

నీల్ దీవి
డిసెంబర్ 22

ఖదీజా,

అల్లా మీద ఒట్టు, ఆడమనిషి కాదు. ఇక్కడ జెట్టీలో పడవలకు తాళ్ళు కట్టే మనిషి. ఎండకు గుడ్డ కప్పుకుంటాడు. తీరిక దొరికినప్పుడు నాకు అట్ట పట్టుకుంటాడు. పేరు అడగొద్దు. చెప్పనని మాటిచ్చాను.

ఆ ఫోటో అఫ్సానాకు చూపించొద్దు. ఎవరికి చూపించినా ఆమెకు మాత్రం వద్దు. చించెయ్. ఇది నిన్ను వేడుకుంటున్నా.

అలీ అహ్మద్ మామ ఇంటికి ఫోను చేస్తున్నాడా? సైదాబీ అత్త ఏమంటోంది? అది మాత్రం రాయి.

నాసిర్

•

జమ్మలమడుగు
జనవరి 2

అన్నా,

తాళ్ళు కట్టే మనిషికి పేరుంటే నీకేంటి నష్టం? ఏ ఎల్లయ్యో పుల్లయ్యో అని రాస్తే అయిపోయేది. ముసుగు వేసుకొని తాళ్ళు కట్టేవాడిని నేనెప్పుడూ చూడలేదు. పైగా అఫ్సానాకు మాత్రం చూపించొద్దంట. దోషి కానివాడు అట్లా ఎందుకంటాడు?

మామ ఫోను చేస్తున్నాడు, ఎప్పటిలాగే. అరబ్బుల ఇంట్లో డ్రైవరు పని కదా, వీడియో చేయనీరట, ఒట్టి మాటలే. నీ బాగోగులు గుచ్చి గుచ్చి అడుగుతున్నాడని అత్త మురిసిపోతోంది. నువ్వేం అడుగుతున్నావో, ఎందుకు అడుగుతున్నావో నాకు అర్థం కాలేదు. మామకు అక్కడ ఏదో తెలిసిపోతుందని భయమా?

ఈ వారం కాదు, పైవారం కూడా కాదు. పద్దెనిమిదో తేదీ ఆదివారం. ఆ రోజు పులివెందుల బస్సెక్కుతాను. ఫోటో నా బ్యాగులో ఉంటుంది. అప్పటిలోగా పేరు రాస్తే రాయి.

ఖదీజా

•

నీల్ దీవి
జనవరి 9

ఖదీజా,

నువ్వు ఫోను ఎత్తవు, అమ్మ ఎత్తితే స్పీకరు పెడుతుంది. మహీధర్ అన్నకు చేస్తే ఆయన ఏమైందో ఏందోనని మన ఇంటికి పరుగెత్తుతాడు. అఫ్సానాకు చేస్తే అబద్ధం చెప్పాలి. ఈ ఉత్తరం స్పీడు పోస్టులో వేస్తున్నా, ఆదివారం లోపల చేరాలి. చేరేదాకా నాకు అన్నం దిగదు.

ఆ మనిషి అలీ అహ్మద్ మామ.

మళ్ళీ చదువు. తప్పు రాయలేదు.

అక్టోబరు ఆఖరులో నీల్ జెట్టీలో దిగుతుంటే ఎవరో ఒకరు పడవవాణ్ణి తిడుతున్నారు. "ఏందప్పా, తాడు యాడ కడ్తాండావు, కండ్లు కనపడలేదా?" అని. ఇంత దూరంలో మన పక్క మాట వినేసరికి ప్రాణం లేచొచ్చింది. "ఏ ఊరు మామా?" అని దగ్గరికి పోయాను. ఆ మనిషి నన్ను చూసి గుడ్డ మొహం మీదికి లాక్కున్నాడు. గుడ్డ లాక్కున్నాక ఇంక నేను వదులుతానా! వెంటబడ్డాను. వలల వెనక దొరికాడు. గుడ్డ తీస్తే, అత్త ఇంట్లో గోడ మీది ఫోటోలో మనిషే.

కువైట్‌లో పనిచేసే ఇల్లు మారాడట, కాగితాలు మారలేదట. రోడ్డు మీద పట్టుకున్నారు. వేలిముద్రలు తీసుకొని విమానం ఎక్కించారు. ఇంక ఆ దేశం పోయే దారి లేదు. చెన్నైలో దిగాడు, చేతిలో ఒక చిన్న సంచి. గల్ఫు నుంచి వచ్చేవాడు పెట్టెలు దించుతుంటే వీధంతా బయటికొచ్చి చూస్తుంది కదా, ఆ వీధిలోకి ఆ సంచితో పోలేకపోయాడు. కువైట్‌లో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు ఇక్కడ పడవల్లో పనిచేస్తుంటే, వాడి దగ్గరికని ఓడెక్కాడు. అదంతా ఏడాదిన్నర కిందటి మాట. వాట్సాప్‌లో పాత కువైట్ నంబరే ఉంది. ఆ నంబరుతోనే ఇక్కడి జెట్టీ నుంచి పులివెందులకు "ఈడ ఎండలు శానా ఉండాయి" అని చెబుతాడు.

నా దగ్గర పనికి వస్తానన్నది ఆయనే. కాబోయే అల్లుడికి అట్ట పట్టుకుంటాడు, చూడు! నేను వద్దంటే "నీ మొగాన్నైనా వెలుతురు వేయనీప్పా" అన్నాడు. ఈ దీవుల్లో ఎవరి చేతిలో చూసినా కెమెరానే. ఏ కడప మనిషి తీసిన ఫోటోలో వెనక తన మొహం పడుతుందోనని ఎండ ఉన్నా లేకపోయినా ఆ పూల గుడ్డ తీయడు. మనిషి కనపడకుండా ఫోటో తీయాలని నేను ఎంత చూశానో. చివరికి వేళ్ళు పడనే పడ్డాయి.

చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు, కూతురి నిఖా మీద. "సెలవు దొరకలేదని చెప్తా, వలీగా నా అన్నను కూర్చోబెట్టుకోండి" అంటాడు. తండ్రి బతికుండగా, నా పక్కన అట్ట పట్టుకొని నిలబడి ఉండగా, ఆయన కువైట్‌లో ఉన్నాడన్న అబద్ధం మీద నేను కబూల్ చెప్పాలా? నోరు రాదు. రంజాన్ దాకా టైము ఇస్తే మనసు మార్చుకుంటాడేమో అనుకున్నా. అందుకే వెనక్కి తోశాను. అంతకు మించి ఏమీ లేదు.

అఫ్సానా ఆ వేళ్ళు చూస్తే గుర్తుపడుతుంది. చిన్నప్పుడు ఆ చేయి పట్టుకొని నడిచిన పిల్ల. అందుకే వద్దన్నాను. పులివెందులకు పోవద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా, పోవద్దు.

నాసిర్

•

జమ్మలమడుగు
జనవరి 21

అన్నా,

నీ ఉత్తరం నిన్న మంగళవారం చేరింది. నేను ఆదివారమే పోయివచ్చాను.

ఆ గట్టున నీకు ఏం వినపడిందో, మామ నీకు ఎంత చెప్పాడో తెలియదు. ఈ గట్టున జరిగింది నేను చెబుతాను. దాచేదేమీ లేదు, దాస్తే ఇంకా పాపం.

నేను పోయేసరికి అత్త ఇంట్లో అఫ్సానా పెద్దమ్మ అఖ్తర్ బీ ఉంది, కుట్టు మిషను అర్చన ఉంది, జాకెట్ల కొలతలు తీస్తున్నారు. వాళ్ళ ముందు వద్దని అఫ్సానాను వంటింట్లోకి పిలిచాను. "ఏందో ఈడనే చెప్పు" అంది. చెప్పేశాను. మా అన్నకు అక్కడ ఎవరో ఉన్నారు, పేరు చెప్పడం లేదు, నువ్వు ఈ నిఖా చేసుకోవద్దు అన్నాను. ఫోటో చాప మీద పెట్టాను.

అది ఫోటో చేతికి తీసుకోలేదు. నన్నే చూస్తూ కూర్చుంది. సైదాబీ అత్త మాత్రం లాక్కొని చూసి, "మొగోళ్ళ సంగతి మొగోళ్ళకే తెలుస్తాది, వాళ్ళ నాయిన్నే అడుగుదాం" అని ఫోను కలిపింది. స్పీకరు పెట్టి మధ్యలో పెట్టింది. నేనూ ఆపలేదు. మామ పెద్దమనిషి, తెంచెయ్ అంటాడు, నా మాట నిలబడుతుంది అనుకున్నాను.

అత్త అంతా చెప్పింది. పూల ముసుగు, వేళ్ళు, దాచిన పేరు. "ఏం చేద్దాం? ఈ సంబంధం వదిలేద్దామా?" అంది.

లైను తెగిందేమోనని అఖ్తర్ బీ వంగి చూసింది. అటు నుంచి గాలి చప్పుడు, ఏదో పడవ కూత. కువైట్‌లో అరబ్బుల ఇంట్లో పడవ కూతేంది?

"ఊ" అంటే చాలు కదన్నా. ఆయన "వదిలెయ్యండి" అని ఒక్క మాట అని ఉంటే, ఆయన గుట్టు చచ్చేదాకా బయటపడేది కాదు. నువ్వు చెడ్డవాడివై మిగిలిపోయేవాడివి. నేనే నిన్ను చెడ్డవాణ్ణి చేసి తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టాను.

"ఆ చెయ్యి నాది" అన్నాడు మామ. "పిల్లోన్ని ఏమనాకండి. ఆ గుడ్డ నాది, చెయ్యి నాది. నేను కువైట్‌లో లేను."

ఆ తర్వాత అన్నీ చెప్పాడు. ఏడవకుండా, ఆగకుండా, ఎవరో తరుముతున్నట్టు చెప్పాడు. అర్చన నోట్లో సూది పెట్టుకొని అట్లే ఉండిపోయింది.

అత్త అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "కువైట్‌లో లేవు కదా, ఇంక వీడియోకు అడ్డమేంది? చెయ్యి. నీ మొగం చూడల్ల" అంది.

చేశాడు. అన్నా, నువ్వు రోజూ చూస్తున్నావు, నీకు అలవాటైపోయి ఉంటుంది. మేము ఎన్నేండ్లకో చూశాం. జుట్టు తెల్లగా, మొహం నల్లగా, పెదాలు ఉప్పుకు పగిలిపోయి ఉన్నాయి. వెనక నువ్వు రాసిన ఆ నీలం. అంత అందం వెనక పెట్టుకొని ఒక మనిషి అంత దిగులుగా ఉండగలడని నేను అనుకోలేదు. ఆయన మొదటి మాట, "సైదా, నలుగురికీ ఏమని చెప్తావు?"

"నలుగురూ ఈడనే ఉండారు," అంది అత్త. "వినేసినారు."

అఖ్తర్ బీ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు అఫ్సానా ఫోను చేతిలోకి తీసుకుంది. "నాయినా, వలీగా నువ్వే రావల్ల. నువ్వు రాకుంటే నిఖా లేదు. కువైట్ నుంచి వచ్చినట్టు రావద్దు. ఆడి నుంచి వచ్చినట్టే రా, ఆ సంచితోనే రా" అంది. మామ తల ఊపాడు. రంజాన్ పండగ వెళ్ళిన మొదటి శుక్రవారం అని అత్త అక్కడికక్కడే చెప్పేసింది. ఇంక మీరిద్దరూ టిక్కెట్లు చూసుకోండి.

నన్ను బస్టాండు దాకా దింపడానికి అఫ్సానా వచ్చింది. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరకొచ్చి, "మీ అన్న ఊరూ పేరూ తెలియని చోట మా నాయిన మానం కాపాడుకుంటా వచ్చినాడు. నువ్వు నలుగురి ముందర మీ అన్న మానం చాప మీద పెట్టినావు. నీ అన్ననే నువ్వు నమ్మలేదు, నన్నెట్ల నమ్ముతావే?" అంది. నేను కాపాడాలనే కదా వచ్చింది అనబోయాను. బస్సు కదిలింది.

అప్పటినుంచి ఫోను చేస్తే ఎత్తడం లేదు. నేను నీకు చేసిందే అది నాకు చేస్తోంది, న్యాయమే. నిన్ను క్షమించమని అడగను, నువ్వు తిట్టి మరిచిపోయే మనిషివి. నీకు అది భార్య అవుతుంది, నాకు వదిన అవుతుంది. కానీ స్నేహితురాలుగా నన్ను పెండ్లికి పిలుస్తుందో లేదో నువ్వే అడిగి రాయి అన్నా. నేను అడగలేను.

ఖదీజా